చిన్న ఉప్పునీటి తొట్టిలో రాళ్లు ఎలా పేర్చాలి, పగడాలు ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న తొట్టి. పది కిలోల డ్రై రాక్ (ప్రాణులేవీ లేని ఎండు రాయి) కొని, ఇసుక పరిచి, దాని మీద వెనక గాజుకు ఆనించి గోడలా పేర్చారు. పైరాయి రెండుసార్లు జారింది. పగడాల్లో టార్చ్, హ్యామర్, జోవాంథిడ్లు, గ్రీన్ స్టార్ పాలిప్స్, అన్నిటికన్నా పైన కొమ్మలుగా పెరిగే గట్టి పగడం ఆక్రోపోరా పెట్టాలని ఉంది. ఏది ఎక్కడ పెట్టాలి, రాళ్లు కదలకుండా ఎలా నిలపాలి అన్నది ప్రశ్న. ఇంకా నీళ్లు పోయలేదన్నారు. చాలా మంచి పని చేశారు. నీళ్లు పోశాక రాళ్లు సర్దడమంటే మోచేతుల దాకా ఉప్పునీటిలో ముంచి కుస్తీ పట్టడమే.

నా మొదటి సలహా మీకు రుచించకపోవచ్చు. ఆ రాళ్లలో సగం బయటికి తీసేయండి.

పది కిలోలు అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. లీటరుకు 120 నుంచి 180 గ్రాముల రాయి ఉండాలన్న పాత సూత్రం ఇప్పటికీ చలామణిలో ఉంది. మీ తొట్టి కొలతలు గుణిస్తే సుమారు 65 లీటర్లు. ఆ సూత్రం ప్రకారం ఎనిమిది నుంచి పన్నెండు కిలోల దాకా వస్తుంది. నీటిని శుభ్రపరిచే భారమంతా రాయి మీదే వేసిన రోజుల నాటి లెక్క అది. అప్పుడు కూడా బరువుతో కొలవడంలో అర్థం తక్కువే. గట్టిగా, బరువుగా ఉన్న రాయిలో రంధ్రాలు తక్కువ, తేలికపాటి రాయిలో ఎక్కువ. మనకు కావలసింది ఆ రంధ్రాలే. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆక్సిజన్ అందే పైభాగాల మీద బతుకుతుంది. నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే రకం ఆక్సిజన్ అంతగా చేరని లోపలి సందుల్లో ఉంటుంది. ఈ రెండు రకాలకూ రాతి చుట్టూ నీరు కదలాలి. రాయికి రాయి అతికినట్టు పేర్చి వెనక గాజుకు నొక్కిపెడితే ఆ అతుకుల్లోకి నీటి ప్రవాహం వెళ్లదు, చెత్త మాత్రం చేరుతుంది. తినగా మిగిలిన ఆహారం, చేపల వ్యర్థం అక్కడ పేరుకుని నెమ్మదిగా కుళ్లుతుంది. కొన్ని నెలలకు ఇసుక మీద ఎర్రటి జిగురు పొరలా సయనోబ్యాక్టీరియా కనిపిస్తుంది. అప్పుడు జనం దీపాన్ని తిడతారు, ఉప్పును తిడతారు, నీటిని తిడతారు. తప్పు గోడ వెనక ఉంటుంది.

ఒకటి రెండు చిన్న చేపలు, క్రమం తప్పని నీటి మార్పిడి ఉండే మీ తొట్టికి నాలుగున్నర, ఐదు కిలోల బోలు రాయి చాలు. మిగిలిన దాన్ని పారేయకండి. దాన్ని చితక్కొట్టి కొన్ని ముక్కలు ఫిల్టర్ గదిలో వేయవచ్చు, కొన్ని పగడాలు అతికించే చిన్న దిమ్మెలుగా పనికొస్తాయి. ఆ పొడి కూడా కాస్త దాచిపెట్టండి, జిగురు దగ్గర దానితో పని ఉంది.

ఇప్పుడు స్థలం లెక్క చూద్దాం. ఎక్కువ మంది రాళ్లతో మొదలుపెట్టి, మిగిలిన చోటును ఖాళీ అంటారు. నేను ఖాళీలతో మొదలుపెడతాను. ముందు గాజుకూ రాతికీ మధ్య ఏడెనిమిది సెంటీమీటర్లు ఉండాలి. గాజు తుడిచే అయస్కాంతం తిరగాలి, పగడం ముందుకు పెరగాలి. వెనక కనీసం ఐదు సెంటీమీటర్లు, రెండు పక్కలా ఏడెనిమిది చొప్పున వదలండి. 30 సెంటీమీటర్ల వెడల్పులో రాతికి మిగిలేది 17. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. బాగా విచ్చుకున్న హ్యామర్ గుంపు ఒక్కటే పది, పదిహేను సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుందని గుర్తుంచుకుంటే ఆ 17 విలువ తెలుస్తుంది.

ఎత్తు విషయానికి వస్తే, నీటి మట్టం 33 సెంటీమీటర్ల దగ్గర ఉంటుందనుకుందాం. రాతి శిఖరం అడుగు గాజు నుంచి 20 సెంటీమీటర్లు దాటకూడదు. పైన మిగిలిన 13 సెంటీమీటర్లు రేపు పెరగబోయే పగడానివి. నీటి ఉపరితలానికి చేరువగా రాయి కట్టినవాళ్లు రెండేళ్లు తిరిగేసరికి కత్తెర పట్టుకుని కూర్చోవలసి వస్తుంది.

ఆకారం కోసం నేనైతే ఒకే దిబ్బ కాకుండా రెండు దీవులు కడతాను. ఎడమ గాజు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు వదిలి 27 సెంటీమీటర్ల పొడవున పెద్ద దీవి, తర్వాత ఎనిమిది సెంటీమీటర్ల ఇసుక కాలువ, ఆ తర్వాత పది సెంటీమీటర్ల చిన్న దీవి, చివర ఏడు సెంటీమీటర్ల ఖాళీ. కూడితే 60 సరిపోయింది. పెద్ద దీవి శిఖరాన్ని ఎడమ నుంచి సుమారు 23 సెంటీమీటర్ల దగ్గర నిలపండి. పొడవును 38, 62 వంతులుగా విడదీసే చోటు అది. సరిగ్గా మధ్యలో శిఖరం పెడితే కన్ను అక్కడే ఆగిపోయి తొట్టి ఇంకా చిన్నగా కనిపిస్తుంది. చిన్న దీవి ఎత్తు పెద్దదానిలో సగం ఉంటే చాలు. రెండూ సమాన ఎత్తులో ఉంటే అమరిక తేలిపోతుంది. కాలువను ముందు నుంచి వెనక్కి నేరుగా తీయకుండా కొంచెం ఏటవాలుగా తిప్పండి. దాని చివర ఎక్కడుందో ముందు నుంచి చూసేవారికి కనబడదు, 30 సెంటీమీటర్ల లోతు అంతకన్నా ఎక్కువగా తోస్తుంది. పెద్ద దీవి కింద ఒక చిన్న గుహ, ఒక వైపు ముందుకు పొడుచుకొచ్చిన అంచు ఉండేలా చూడండి. చేపకు దాక్కునే చోటు దొరుకుతుంది, నీడ కోరే మష్రూమ్ పగడాలకూ ఆ గుహ వాకిలి పనికొస్తుంది.

ఇదంతా తొట్టిలో చేయకండి. ఒక అట్టపెట్టె అడుగును 60, 30 కొలతలకు కత్తిరించి, గాజు నుంచి వదలాల్సిన దూరాలను పెన్నుతో గీసి, ఆ గీతల లోపల రాళ్లు పేర్చండి. మీరు రోజూ కూర్చుని చూసే ఎత్తు నుంచే చూడండి. నిలబడి పైనుంచి చూస్తే ప్రతి అమరికా బాగానే ఉంటుంది. ఫోనుతో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. రంగు పోగానే ఎక్కడ ఖాళీ ఉంది, ఎక్కడ ముద్దగా ఉంది అన్నది బయటపడుతుంది. రెండు మూడు రోజులు అలాగే వదిలేసి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తూ ఉండండి. మొదటి రోజు గొప్పగా అనిపించిన వంపు మూడో రోజుకు విసుగు పుట్టిస్తే దాన్ని మార్చడానికి ఇదే సమయం.

రాయి జారడం సంగతి. రాళ్లు ఇసుక మీద కాదు, అడుగు గాజు మీద నిలవాలి. ఇసుక తర్వాత చుట్టూ పోయాలి. ఇసుక మీద నిలిపిన రాయి ఈరోజు కదలకపోవచ్చు. గోబీ చేపో, పిస్టల్ రొయ్యో దాని కింద బొరియ తవ్విన రోజున కూలుతుంది. గాజుకు రాయి నేరుగా తగలడం మీకు భయమైతే, తగిలే చోట్ల మాత్రం పలుచని ఆక్రిలిక్ బిళ్లలు పెట్టండి. అడుగంతా ప్లాస్టిక్ జాలీ పరిచేవాళ్లూ ఉన్నారు. ఇసుక కదిలినప్పుడు ఆ గళ్లు పైకి తేలి కనబడతాయి, వాటిలో చెత్త చేరుతుంది, అందుకే నాకు అది నచ్చదు.

ప్రతి రాయీ కింది దాని మీద మూడు చోట్ల ఆనాలి. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు కదా, కిటుకు అదే. రాయి పెట్టాక నాలుగు వైపుల నుంచీ వేలితో నెట్టి చూడండి. అది కదిలితే తిప్పి పెట్టండి, ఇంకా కదిలితే ఆ చోట వేరే రాయి వాడండి. ఊగే రాయిని జిగురుతో లొంగదీయాలని చూడకండి. జిగురు పని పట్టి ఉంచడం, బరువు మోయడం రాయి పని.

అతికించడానికి సైనోఅక్రిలేట్ జెల్ (చిక్కటి సూపర్ గ్లూ), ఇందాక దాచమన్న రాతి పొడి చాలు. రెండు రాళ్లు కలిసే చోట జెల్ ధారాళంగా వేసి, వెంటనే పొడి చల్లండి. క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది, వేడెక్కుతుంది, ఘాటైన ఆవిరి వస్తుంది. కిటికీలు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. ఆ పొడి పైన ఇంకో పొర జెల్, మళ్లీ పొడి, ఇలా మూడు నాలుగు పొరలు వేస్తే ముందుకు వేలాడే అంచు కూడా నిలుస్తుంది. శిఖరం లాంటి బరువైన చోట రంధ్రం వేసి ఆరు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ కడ్డీ దించండి. లోహపు కడ్డీలు, ముఖ్యంగా రాగి ఉన్నవి వద్దే వద్దు. రాగి ఉప్పునీటిలో కరిగితే పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ విషం. డ్రిల్లు వాడేటప్పుడు రాయిని తడిపి ఉంచండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఎపాక్సీ పుట్టీ (రెండు భాగాలు కలిపి పిసికితే గట్టిపడే ముద్ద) సందులు పూడ్చడానికి బాగుంటుంది గాని, దాని అతుకు మీద మాత్రమే ఆధారపడి రాయి నిలపకండి.

మొత్తం కట్టాక పక్కన వంగి చూడండి. రాళ్ల మధ్య నుంచి అవతలి వెలుతురు నాలుగైదు చోట్ల కనబడాలి. వెలుతురు దూరిన చోట నీరూ దూరుతుంది.

నీళ్లు, ఉప్పు, పంపు పెట్టాక, ఇసుక పోయకముందే ఒక పరీక్ష చేయండి. మీరు ఎంచుకున్న పగడాలకు గంటకు తొట్టి పరిమాణానికి 20 నుంచి 30 రెట్ల ప్రవాహం సరిపోతుంది. అంటే 1300 నుంచి 2000 లీటర్లు తోసే, వేగం తగ్గించగల చిన్న వేవ్‌మేకర్ (తొట్టి లోపల నీటిని కదిలించే పంపు) ఒకటి. దాన్ని ఎడమ గాజుకు పైభాగాన బిగించి, ముఖం కుడివైపు ముందు గాజు మీదికి తిప్పండి. నేరుగా ఏ పగడం మీదికీ కొట్టకూడదు. గాజుకు తగిలి చెదిరిన నీరే పగడాలకు హాయి. ఇప్పుడు చిటికెడు రాతి పొడి పంపు ముందు వదిలి పది నిమిషాల తర్వాత చూడండి. పొడి ఎక్కడ కుప్పపడిందో రేపు చెత్త కూడా అక్కడే పడుతుంది. పంపును ఒక సెంటీమీటరు జరిపి, కొంచెం తిప్పి మళ్లీ చూడండి. ఎంత తిప్పినా ఒకే చోట పడుతుంటే అక్కడి రాయిని ఊడదీయక తప్పదు. ఈ పని ఇప్పుడు గంటలో అవుతుంది. పగడాలు అతుక్కున్నాక అసలు కాదు. ఇసుక విషయానికొస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువు ఉన్న అరగొనైట్ (సున్నపు ఇసుక) రెండు మూడు సెంటీమీటర్ల మందం పోయండి. మరీ మెత్తనిదైతే ఈ ప్రవాహానికి ఎగిరి పగడాల మీద పడుతుంది.

డ్రై రాక్‌తో మొదలుపెట్టిన తొట్టిలో బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలిచాకనే ప్రాణులను దించాలి. ఆ తర్వాత కొన్ని నెలలు డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల గోధుమరంగు పొర, పచ్చటి వెంట్రుకల నాచు వంతులవారీగా వస్తాయి. అది చూసి కంగారుపడి రాళ్లు పీకి కడిగేవాళ్లు ప్రతి నెలా ఇక్కడ ఒకరిద్దరు కనిపిస్తారు. కడిగిన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. నత్తలను దించి ఓపిక పట్టండి.

ఇక పగడాలు. మీ జాబితాలో నుంచి ఒకటి కొట్టేస్తాను: ఆక్రోపోరా. దానికి 250 దాటిన పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు కొలత) వెలుతురు, బలమైన ప్రవాహం, అన్నిటికన్నా ముఖ్యంగా రోజూ ఒకేలా ఉండే ఆల్కలినిటీ (నీరు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) కావాలి. 65 లీటర్లలో నీరు కాస్త ఆవిరైనా, ఒక మోతాదు తప్పినా అంకె ఊగుతుంది. హ్యామర్ ఆ ఊపును చాలావరకు తట్టుకుంటుంది, ఆక్రోపోరా కొమ్మ మొదలు నుంచి చర్మం ఊడ్చుకుపోతుంది. శిఖరం మీద కొమ్మలతో గట్టి పగడమే కావాలంటే మోంటిపోరా డిజిటాటా పెట్టండి. చూపుకు అదే అందం, మొండి ప్రాణం. అది కూడా తొట్టి ఆరు నెలలు నిలదొక్కుకున్నాకనే.

టార్చ్, హ్యామర్ రెండూ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా ఒకదాన్నొకటి తాకనీయకండి. హ్యామర్, దానికి దగ్గరి చుట్టమైన ఫ్రాగ్‌స్పాన్ పగడం పక్కపక్కనే ఉంటే మామూలుగా గొడవ రాదు. టార్చ్ మాత్రం ఆ రెండిటినీ కుడుతుంది, దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది. అందుకే చిన్న దీవి పూర్తిగా టార్చ్‌ది. అక్కడ మరేదీ పెట్టకండి. పెద్ద దీవి కుడి వాలును కూడా ఖాళీగా వదిలేయండి. టార్చ్ విచ్చుకుని ప్రవాహానికి వాలినప్పుడు దాని కొసలు కాలువ దాటి ఆ దరిదాపులకు రాగలవు. హ్యామర్‌ను పెద్ద దీవి ఎడమ కొసన, ఇసుకకు ఆరేడు సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి. అక్కడి నుంచి శిఖరం మీది మోంటిపోరాకు ఏటవాలుగా పదిహేను సెంటీమీటర్లకు పైగా దూరం ఉంటుంది. టార్చ్, హ్యామర్ రెండిటిలోనూ కొమ్మలుగా పెరిగే రకమే తీసుకోండి. ఒక తలకు జబ్బు చేస్తే ఆ కొమ్మ కోసి మిగిలినవి కాపాడుకోవచ్చు, గోడలా పెరిగే హ్యామర్‌లో ఆ వీలు లేదు. కొసలు మెల్లగా ఊగుతుంటే ప్రవాహం సరిపోయినట్టు. అన్నీ ఒకే పక్కకు ఒరిగి, అవతలి వైపు ఎముక అంచు బయటపడుతుంటే నీటి దెబ్బ ఎక్కువైనట్టు. ఆ అంచుకు ఒరుసుకుని మాంసం చిరుగుతుంది.

గ్రీన్ స్టార్ పాలిప్స్‌ను ప్రధాన రాతి మీద ఎప్పుడూ పెట్టకండి. ఊదారంగు చాప చాపకింద నీరులా పాకి, ఏడాదిన్నరలో రాతి సగాన్ని కప్పేస్తుంది, పీకినా మిగిలిన చిన్న ముక్క నుంచి మళ్లీ వస్తుంది. దాని అందం మాత్రం కాదనలేం. మీ అమరికకు నా సూచన ఏమిటంటే, కాలువ చివర వెనక గాజుకు అతికించండి. రెండు దీవుల సందులోంచి పచ్చటి తెర కనిపిస్తుంది. రాతికీ గాజుకూ మధ్య వదిలిన ఐదు సెంటీమీటర్లు ఇప్పుడు దానికి సరిహద్దు. చాప అంచు ఆ సరిహద్దు దాటబోతే పాత ప్లాస్టిక్ కార్డుతో గీకేయడం నిమిషం పని. అలాగే పాకే మెత్తటి పగడం జీనియాకూ ఇదే నియమం.

జోవాంథిడ్లు పెద్ద దీవి ముందు పాదం దగ్గర, ప్రధాన రాతికి అతికించని ఒక పలుచని రాతి పలక మీద పెట్టండి. అవి వ్యాపిస్తే పలకతో సహా ఎత్తి కత్తిరించుకోవచ్చు. కానీ వాటిని ముట్టుకునే ముందు ఒక విషయం. జోవాంథిడ్లలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలిథోవాలలో, పాలీటాక్సిన్ ఉంటుంది. ప్రోటీన్ కాని సహజ విషాలలో అత్యంత తీవ్రమైన వాటిలో అది ఒకటి. ఏ రకంలో ఎంత ఉందో చూసి చెప్పలేం కాబట్టి అన్నిటినీ ఒకేలా చూడండి. చేతొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. చేతిమీద కోత ఉంటే ఆ రోజు పని మానుకోండి. వాటిని కోసేటప్పుడు చిమ్మే రసం కంట్లో పడకూడదు. అవి పట్టిన రాయిని మరిగించడం, వేడినీళ్లతో కడగడం, ఎండబెట్టి రుద్దడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆవిరితో గాలిలో కలిసిన విషం పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. లైవ్ రాక్ (ప్రాణులు పట్టిన రాయి) ఏదైనా సరే, ఎందుకైనా సరే, పొయ్యి ఎక్కించకండి.

మీరు అడగలేదు గాని, రేపు దుకాణంలో కళ్లు చెదిరేలా కనిపించే గాలక్సియా పగడం జోలికి పోకండి. రాత్రిపూట దాని కుట్టే కొసలు ఇరవై సెంటీమీటర్లకు మించి సాగగలవు. మీ తొట్టిలో దాని నుంచి తప్పించుకునే చోటే ఉండదు. ఫంగియా, ట్రాకీఫిలియా లాంటి పగడాలు నచ్చితే వాటిని ఇసుక మీదే పడుకోబెట్టాలి. రాతి మీద పెడితే ఉబ్బిన మాంసం గరుకు అంచులకు చీలుతుంది. లెదర్ పగడాలు తాకకుండానే పోట్లాడతాయి. నీటిలోకి రసాయనాలు వదిలి పొరుగువాటి పెరుగుదలను అణుస్తాయి. అలాంటిది ఒక్కటి తెచ్చినా ఉత్తేజిత బొగ్గు సంచీ ఫిల్టర్‌లో వేలాడదీసి, నెలకోసారి మార్చండి.

పగలు చూసిన దూరాలు రాత్రికి లెక్కలోకి రావు. దీపాలు ఆర్పిన రెండు గంటల తర్వాత ఎర్రటి వెలుతురుతో తొట్టి ముందు కూర్చోండి. తెల్లటి కొనలున్న సన్నని దారాలు కొన్ని మామూలు కొసల కన్నా ఎంతో పొడవుగా నీటిలో తేలుతూ కనిపిస్తే, ఆ పగడానికి మీరిచ్చిన స్థలం చాలలేదని అర్థం. అకాన్ లాంటి పగడాలు మరో అడుగు ముందుకు వేసి, పొట్టలోని జీర్ణతంతువులను బయటికి తీసి పక్కదాన్ని అక్కడికక్కడే కరిగించుకు తింటాయి.

వెలుతురు గురించి తేల్చి చెప్పాలంటే పార్ మీటరు కావాలి. కొనక్కర్లేదు, ఒక రోజుకు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుంటే చాలు. ఇసుక దగ్గర 50 నుంచి 80, హ్యామర్, టార్చ్ ఉన్న చోట 80 నుంచి 150, శిఖరం మీద 200 చుట్టుపక్కల వచ్చేలా దీపం ఎత్తు, తీవ్రత సరిచేయండి. కొత్తగా తెచ్చిన పగడాన్ని మొదట ఇసుక మీద ఉంచి, రెండు మూడు వారాల్లో మెట్టుమెట్టుగా దాని చోటికి ఎక్కించండి. తెల్లబడుతుంటే వెలుతురు ఎక్కువైంది, దాని కణాల్లో బతికే శైవలాలను అది పోగొట్టుకుంటోంది. గోధుమరంగుకు తిరుగుతుంటే చాలావరకు వెలుతురు తక్కువైనట్టు, నీటిలో పోషకాలు ఎక్కువైనా ఆ రంగు వస్తుంది. జోవాంథిడ్ల మెడలు సాగుతుంటే అవి దీపం వెతుక్కుంటున్నాయి. చోటు మార్చిన తర్వాత కనీసం పది రోజులు చేయి పెట్టకండి. చెడ్డ చోట ఉంచడం కన్నా రోజూ చోటు మార్చడం వల్ల చచ్చిన పగడాలే ఎక్కువ.

చోటు నచ్చిందని పగడం విచ్చుకుని చూపించాకే అతికించండి. ముందుగా ఫ్రాగ్ (frag, పెద్ద పగడం నుంచి కోసి అమ్మే చిన్న ముక్క) కింద ఉన్న గుండ్రటి బిళ్లను కోసేయండి. పురుగుల గుడ్లు, ఐప్టాసియా (తొట్టిని ఆక్రమించే కుట్టే ఎనిమోన్) పిల్లలు దాక్కునేది ఆ బిళ్ల అడుగునే. పైగా రాతి మీద ఆ బిళ్లలు వరసగా కనబడితే ఎంత మంచి అమరికైనా చెడుతుంది. పగడాన్ని డిప్ ద్రావణంలో (పురుగులను వదలగొట్టే మందునీరు), సీసా మీద రాసినంత సేపే ముంచి, వేరే ఉప్పునీటిలో కడగండి. రాతి మీద అతికించే చోటును పాత టూత్‌బ్రష్‌తో నాచు పోయేలా రుద్దండి. పంపులు ఆపండి. గోలీకాయంత పుట్టీ తీసుకుని రెండు రంగులూ కలిసి ఒకటయ్యే దాకా పిసకండి. ఫ్రాగ్ మొదలును కాగితంతో అద్ది తడి తీసి, జెల్ చుక్క వేసి పుట్టీలో గుచ్చండి. పుట్టీ అడుగున మళ్లీ జెల్ రాసి నీటిలోకి దించండి. నీరు తగలగానే జెల్ మీద తెల్లటి పొర కడుతుంది. అందరూ తప్పేది ఇక్కడే. నేరుగా ఆనిస్తే ఆ పొర రాతికి అంటదు. రాతికి నొక్కి, పావు వంతు అటూ ఇటూ తిప్పితే పొర చిట్లి లోపలి తాజా జిగురు గరుకు మీద పడుతుంది. అరనిమిషం కదపకుండా పట్టుకుని, పది నిమిషాల తర్వాత పంపు వేయండి. ప్రోటీన్ స్కిమ్మర్ (నురుగుతో వ్యర్థాలను లాగేసే పరికరం) ఉంటే ఆ రోజుకు ఆపండి. పుట్టీ వాడిన రోజున అది నురుగు కక్కి నేలంతా తడుపుతుంది.

నీటి అంకెలు మీరు చదివే ఉంటారు. లవణీయత వెయ్యికి 35 వంతులు, ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీలు, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం (పది లక్షలకు వంతులు). నైట్రేట్, ఫాస్ఫేట్‌లను సున్నాకు తేవాలని ప్రయత్నించకండి, పగడాలకు అవి కొంచెం కావాలి. ఆవిరైన నీటి స్థానంలో మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు.

కొనేటప్పుడు తొట్టెల్లో పెంచి కోసిన ఫ్రాగ్‌లే అడగండి. గట్టి పగడాలన్నీ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశదేశానికీ వేరే నియమాలు కూడా ఉంటాయి, మీకు వర్తించేవి ముందే చూసుకోండి. ఒడ్డున దొరికిందని పగడపు ముక్కనో, రాయినో తెచ్చి తొట్టిలో వేయడం అటు చట్టానికీ ఇటు తొట్టికీ మంచిది కాదు.

హీటర్‌ను రాళ్ల వెనక దాచవచ్చా అని కూడా అడిగారు. వద్దు. వెనక వదిలిన ఐదు సెంటీమీటర్లు నీటి దారి. పైగా చెడిపోయిన రోజున దాన్ని తీయడానికి రాళ్లు కదపాలి. ఫిల్టర్ గదిలో పెట్టండి, గది లేకపోతే కుడి వెనక మూలన నిలువుగా, రాతికి తగలకుండా. ఈ వారం అట్టపెట్టె మీద రెండు దీవులు పేర్చి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు పెట్టండి. జిగురు సీసా మూత తీసే ముందు చూసి చెబుతాను.